చూసినవాడు లేని ఫిర్యాదు

నేను అర్జీలు రాసి బతుకుతాను. ఎల్లారెడ్డిలో బస్టాండు నుంచి కోర్టుకు పోయే దారిలో ఒక జిరాక్సు షాపు ఉంది, అందులో సగం నాది. సగమంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఎదురుగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లెవరూ అసలు సంగతితో మొదలుపెట్టరు. గట్టు తగాదా చెప్పడానికి వచ్చి తాత పెండ్లి నుంచి ఎత్తుకుంటారు. నాకు ఓపిక తక్కువ. చేయి అడ్డం పెట్టి ఒకే మాట అడుగుతాను: "ఎవరు చూసిండ్రు?"

ఆ మాటకు చాలామంది నోళ్లు మూతపడతాయి. చూసినవాళ్లు ఉండరు. ఉండేది విన్నవాళ్లే. వదిన చెప్పింది, వదినకు పాలాయన చెప్పాడు, పాలాయనకు ఎవరు చెప్పారో ఆయనకే గుర్తులేదు. ఇంత పట్టుకుని జైలుకు పంపమంటారు.

కామారెడ్డిలో ఒక వకీలు దగ్గర తొమ్మిదేళ్లు గుమాస్తాగా చేశాను. నా విద్య అక్కడిదే. సాక్షి బోనెక్కి, "వాడే తీసిండు సార్" అని గుండె మీద చేయి వేసుకుని చెప్పేవాడు. అవతలి వకీలు తీరిగ్గా లేచి, "నువ్వు చూసినవా?" అనేవాడు. "చూడలేదు సార్, ఊరంతా అంటున్నరు." ఇక ఆ సాక్షి దిగి ఇంటికి పోవచ్చు. ఊరంతా కట్టగట్టుకుని వచ్చి అదే మాట అన్నా పనికిరాదు. కంటితో చూసినవాడే వచ్చి చెప్పాలి, అవతలివాళ్లు వాణ్ణి నిలదీసే వీలుండాలి. మంచి నియమమే. నేనూ దాన్ని గౌరవిస్తాను, కాకపోతే నా పద్ధతిలో. చూసినవాడు లేకపోతే ఒకణ్ణి తయారు చేస్తాను.

అరెస్టు సంగతీ అక్కడే ఒంటబట్టింది. ఫిర్యాదు ఇవ్వగానే పోలీసులు వచ్చి ఎత్తుకుపోతారని జనం అనుకుంటారు. అలా కుదరదు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరమైతే ముందు నోటీసు ఇచ్చి పిలవాలి, పిలిస్తే వచ్చే మనిషిని ఊరికే పట్టుకోకూడదు. పట్టుకోవాలంటే ఈ మనిషే చేసి ఉంటుందని నమ్మడానికి తగిన ఆధారం ఉండాలి. అది ఒక్కటే చాలదు. ఇప్పుడే పట్టుకోకపోతే పారిపోతుందనో, సొత్తు మాయం చేస్తుందనో, సాక్షుల్ని బెదిరిస్తుందనో ఇంకో కారణం కూడా ఉండాలి. రెండూ కాగితం మీద రాసి పెట్టాలి, ఎందుకంటే రేపు జడ్జి అడుగుతారు. ఎస్సైలకు పని ఎక్కువ. ఆ రెండు ముక్కలూ అర్జీలోనే తయారుగా దొరికితే వాళ్ల ప్రాణం హాయిగా ఉంటుంది. నా అర్జీల్లో దొరుకుతాయి. అందుకే నాకు పేరొచ్చింది.

ఈ మధ్యనే, ఒక సోమవారం పొద్దున, లింగంపేట దిక్కు పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. మక్కలు కొని అమ్మే మనిషి. ఊళ్లో మాట చెల్లే ఇల్లు. వెంట ఆయన బామ్మర్ది ఉన్నాడు, ముప్పై దాటని వాడు, బావ ఎటు తల తిప్పితే అటు తిప్పే రకం. అంతకు ముందు బుధవారం ఆయన బిడ్డ పెండ్లి అయింది. పిల్లను సాగనంపిన తర్వాత చూసుకుంటే, భార్య మెడలో ఉండాల్సిన రెండు పేటల బంగారు గొలుసు లేదు. చీర మార్చుకునేటప్పుడు సామాన్ల గదిలో తీసి పెట్టిందో, మెడలోనే ఉందో ఆమెకు గుర్తులేదట. మర్నాడంతా ఇల్లు దులిపారు. టెంటువాళ్ల తివాచీలు కూడా దులిపారట. దొరకలేదు.

"మరి ఎవరి మీద అనుమానం?" అని అడిగాను.

"అనుమానం కాదన్నా, దొరికింది దొంగ. మా వాకిట్ల కూసోని బీడీలు చుట్టే ఒక ఆమె ఉన్నది. పెండ్లిల పనికి పిలిచినం. గామెనే."

"ఎవరు చూసిండ్రు?"

"చూసుడేందన్నా, బియ్యమే చెప్పింది."

తర్వాత చెప్పింది విన్నాను. పక్క మండలం నుంచి బియ్యం మంత్రించే మనిషిని శనివారం పిలిపించారు. పెండ్లిలో పనిచేసిన ఆడవాళ్లను పదకొండు మందిని వరుసగా కూర్చోబెట్టారు. ఒక్కొక్కరి నోట్లో పిడికెడు పచ్చి బియ్యం పోసి, నమిలి మోదుగాకు మీద ఉమ్మమన్నారు. తప్పు చేసినవాళ్లకు భయంతో నోరెండిపోతుంది, బియ్యం పిండి కాదు, పొడిగానే పడుతుంది, వాళ్లే దొంగ. ఇదీ పరీక్ష. పదిమంది ఆకుల మీద తెల్లటి ముద్ద పడింది. ఆమె ఆకు మీద గింజలు గింజలుగానే పడ్డాయి.

"వంక ఎట్ల పెట్టిందో తెల్సా అన్నా?" అంటూ ఆయన నవ్వాడు. "ఇయ్యాల శనివారం, నాకు ఒక్కపొద్దు, పొద్దుమీకి దీపం పెట్టెదాంక నోట్ల ఏం పెట్టనన్నది. మింగకు తియ్, ఊకె నములు అన్నం. నమిలితే రసం లోపటికి పోతది, పొద్దు చెడుతదన్నది. మల్ల నలుగురం గదమాయిస్తె నోట్ల పోసుకున్నది, గని దవడ కదిలియ్యలేదు. అట్లనే పట్టుకోని ఉమ్మింది."

అక్కడే నాకు సంగతి మొత్తం అర్థమైంది. ఇది దాచను. శనివారం ఒక్కపొద్దుండే మనిషి, నోట్లో పడ్డ బియ్యాన్ని నమలకుండా ఆపుకుంది. నమలని బియ్యం గింజలుగానే పడతాయి. దాంట్లో దయ్యమూ లేదు, దేవుడూ లేడు. ఇంకెవరైనా అయితే ఆయనకు ఆ మాట చెప్పేవారు. నేను కంప్యూటరు ఆన్ చేశాను.

"బియ్యం సంగతి ఇండ్ల రాయొద్దు. ఎస్సై నవ్వుతడు. బియ్యాన్ని తోలుకపోయి బోనెక్కిస్తవా?" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. నాకు ఎదుటివాళ్ల ముఖం అలా చిన్నబోతే సంతోషంగా ఉంటుంది. ఇక నుంచి వాళ్లు చెప్పినట్టు కాదు, నేను అడిగినట్టు నడుస్తుంది కథ.

"ఆమె సామాన్ల అర్రలకు పోయిందా?"

"అందరు పోయిండ్రన్నా."

"అందర్ని అడగలేదు. ఆమె పోయిందా?"

"పోయింది. ఒడిబియ్యానికి కుడుకలు తెమ్మంటె తెచ్చింది."

"పోంగ ఎవరు చూసిండ్రు?"

ఆయన బామ్మర్ది వైపు చూశాడు. బామ్మర్ది నేల వైపు చూశాడు.

"నువ్వు యాడున్నవ్ అప్పుడు?" అని వాణ్ణి అడిగాను.

"టెంటు కింద. కుర్చీలు ఏపిస్తున్న."

"అక్కడికెల్లి అర్ర తలుపు కనబడతదా?"

"కనబడతది."

"కనబడితె చూసినట్టే గదా?"

వాడు తలూపాడు.

"బయటికి వచ్చేటప్పుడు కొంగు కింద చెయ్యి పెట్టుకున్నదా?"

"పెట్టుకున్నదేమో."

ఆ 'ఏమో'ను నేను అక్కడే పక్కన పడేశాను. చీర రంగు ఏమిటని అడిగితే, అడగడమే ఆలస్యం, పచ్చది అన్నాడు. కంగారుగా అటూ ఇటూ చూసిందా అంటే చూసింది అన్నాడు. ఇప్పుడు వాడికి దారి దొరికింది. నేను నోరు తెరవకముందే, ఆగి వెనక్కి తిరిగి చూసిందని కూడా వాడే చెప్పాడు. మనిషిని సాక్షిని చేయడం పెద్ద కష్టమేమీ కాదు. మొదటి అబద్ధం మనం పెట్టాలి, తర్వాతివి వాడే తెచ్చుకుంటాడు.

ఇక రెండో ముక్క మిగిలింది. "ఆమెకు వేరే ఊరు ఏమన్న ఉన్నదా?" అని అడిగాను.

"తల్లిగారిల్లు పెద్దకొడప్‌గల్. మొగడు బొంబాయిల ఉంటడు."

ఇంకేం కావాలి. పెద్దకొడప్‌గల్ దాటితే మహారాష్ట్ర ఎంతో దూరం లేదు. "సదరు మహిళ భర్త మహారాష్ట్రలో ఉన్నందున, ఆమె అపహరించిన సొత్తుతో సహా రాష్ట్రం దాటి పారిపోవడానికి సిద్ధంగా ఉన్నదని, వెంటనే అదుపులోనికి తీసుకోనిచో సొత్తు దొరకదని మనవి" అని రాశాను. రాసి ఒకసారి చదువుకున్నాను. బాగా వచ్చింది. పూర్వం చేత్తో రాసేవాళ్లం, రాత చూసి ఇది ఫలానావాడి పని అని స్టేషన్లో గుర్తుపట్టేవాళ్లు. ఇప్పుడు ప్రింటు తీసి ఇస్తాం. రాసినవాడి పేరు ఎక్కడా ఉండదు, అక్షరాలన్నీ ఒక్కలాగే ఉంటాయి.

బామ్మర్దితో రెండుసార్లు చెప్పించుకున్నాను. మూడోసారి వాడు నా వైపు చూడకుండానే గడగడా చెప్పాడు.

వాళ్ల మండలం ఎస్సై తెలివిలేనివాడు కాదు. బామ్మర్దిని విడిగా కూర్చోబెట్టి, "నువ్వు నిజంగ చూసినవా, ఎవరన్న చెప్తె చెప్తున్నవా?" అని అడిగాడట. "నా కండ్లతోని చూసిన సార్" అన్నాడట వీడు. ఎస్సై చేయాల్సింది ఇంకొక్కటి ఉండింది. ఆ పెండ్లికి పోయిన ఎవరినైనా పిలిచి, ఆ రోజు ఆమె ఏం చీర కట్టుకుందని అడగాలి. ఆయన అడగలేదు. చూసినవాడు దొరికాడు, పారిపోతుందన్న మాట కాగితం మీద ఉంది. అరెస్టుకు కారణాలు రాసే చోట నా వాక్యాన్నే ఉన్నది ఉన్నట్టు దింపుకున్నాడు. ఆ కాగితం తర్వాత నేను చూశాను. కామా కూడా మార్చలేదు.

మంగళవారం పొద్దున జీపు వాళ్ల వాడకు పోయింది. ఇది నేను చూడలేదు, బామ్మర్ది వచ్చి సంబరంగా చెప్పాడు. ఆమె ఇంటి ముందు కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆడ కానిస్టేబులు లెమ్మంటే, "ఆకు తడిపిన బిడ్డా, ఇది ఎండిపోతది, గిన్ని చుట్టి వస్త" అన్నదట. తనను ఏదో అడిగి పంపిస్తారనుకుంది. లేపి నిలబెడితే చాట బోర్లపడి తంబాకంతా మట్టిపాలైంది. ఇంట్లో వెదికితే గొలుసు దొరకలేదు గాని, రెండు చీరలు సర్దిన సంచి దొరికింది. తల్లికి కంటి ఆపరేషను, కొడప్‌గల్ పోవాలని సర్దుకుంది. పోలీసులకు అది పారిపోయే సంచి అయింది. వాడంతా వాకిళ్లలో నిలబడి చూసింది. శనివారం ఆమె పక్కన కూర్చుని బియ్యం నమిలిన పదిమందీ చూశారు. ఒక్కతి కూడా, ఆ రోజు ఆమెకు ఒక్కపొద్దు అని నోరు తెరవలేదు. తెరిస్తే, మరి గొలుసు నువ్వు తీసినవా అంటారు.

జడ్జి ముందు పెట్టారు. పోలీసులు కొట్టారా అని జడ్జి అడిగితే లేదన్నది. ఏమైనా చెప్పుకుంటావా అని అడిగితే, "శనివారం సారూ, ఒక్కపొద్దు" అని మాత్రం అని ఏడ్చిందట. అర్జీలో బియ్యం లేదు, శనివారం లేదు. ఆ మాట ఏమిటో అక్కడున్న ఎవరికి అర్థమవుతుంది? రిమాండుకు పంపారు.

గొలుసు శుక్రవారం దొరికింది.

ఎక్కడ దొరికిందో వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పిల్లను సాగనంపేటప్పుడు తల్లి ఒడిబియ్యం పోసింది కదా. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవిక బట్టలు, అన్నీ బిడ్డ కొంగులో పోసి మూట గట్టారు. దోసిళ్లతో బియ్యం పోయడానికి వంగినప్పుడు తల్లి మెడలో కొక్కెం ఊడి, గొలుసు ఆ బియ్యంలో జారింది. ఇల్లంతా దులిపినవాళ్లు, తివాచీలు దులిపినవాళ్లు, పదకొండు మంది నోళ్లలో బియ్యం పోసినవాళ్లు ఈ బియ్యం సంగతి తలుచుకోలేదు. తలుచుకున్నా లాభం లేదు. ఒడిబియ్యం మూట విప్పేది అత్తగారింట్లోనే, మంచిరోజు చూసి. తల్లిగారు తిరిగి అడగడం ఉండదు. శుక్రవారం అక్కడ వండుకుందామని మూట విప్పితే పసుపు బియ్యంలో నుంచి గొలుసు బయటపడింది.

మూట విప్పింది పిల్ల ఒక్కతే, ఎవరికీ చూపకుండా అప్పుడే తల్లికి ఫోన్ చేసి చెప్పింది. ఆ సాయంత్రమే వీళ్లు స్టేషన్‌కు పోయి ఒక్క మాట చెబితే, శనివారం కాకపోతే సోమవారం ఆమె ఇంటికి వచ్చేది. చెప్పలేదు. తల్లి మెడలో బంగారం జారి కొత్త పెండ్లికూతురి ఒడిలో పడిందంటే అపశకునం, అత్తగారివాళ్లు ఏమనుకుంటారోనని దాచారు. నా దగ్గరికి బుధవారం వచ్చారు. అప్పటికి ఆమె లోపలికి పోయి ఎనిమిది రోజులు.

"అన్నా, కేసు వాపసు తీసుకోవాలె. గని గొలుసు యాడ దొరికిందో బయటికి రావద్దు," అన్నాడు మక్కల వ్యాపారి.

బామ్మర్ది ఈసారి బిక్కముఖం వేసుకుని ఉన్నాడు. "నేను చూసిన్నని చెప్పిన గదన్నా, ఇప్పుడెట్ల?" అన్నాడు. వాడికంటే ముందు నాకు చెమట పట్టింది. అబద్ధపు ఫిర్యాదు అని తేలితే ముందు వ్యాపారి ఇరుక్కుంటాడు, తర్వాత వీడు, వీణ్ణి రెండు దెబ్బలు వేస్తే నా బల్ల దగ్గరికి దారి చూపిస్తాడు. నిజం చెప్పాలంటే, జైల్లో ఉన్న మనిషి నాకు ఆ రోజు గుర్తుకే రాలేదు. నా బల్లే గుర్తొచ్చింది.

దానికీ ఒక మందు ఉంది నా దగ్గర. దొంగతనం కేసులో సొత్తు గలవాడు ఒప్పుకుంటే రాజీ పడొచ్చు. రాజీ కాగితం తయారు చేశాను: "ఉభయులు ఒకే గ్రామస్థులైనందున, పెద్దల సమక్షంలో విషయము పరిష్కరించుకొని, సొత్తు తిరిగి చేరినందున, ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎట్టి ఆరోపణలు లేవు." జాగ్రత్తగా చదవండి. గొలుసు ఎక్కడి నుంచి తిరిగి చేరింది? కాగితం చెప్పదు. చదివినవాడు ఏమనుకుంటాడు? తీసింది, ఊరివాళ్లు అడిగితే ఇచ్చేసింది, పెద్దమనసుతో వదిలేశారు అనుకుంటాడు. నేను కోరుకున్నదీ అదే. నిర్దోషి అని తేలితే ఇంకో దోషిని వెతుకుతారు. క్షమించి వదిలేసిన దొంగ దగ్గర కథ ఆగిపోతుంది.

ఆమె పదమూడో రోజు బెయిలు మీద వచ్చింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నా షాపుకు వచ్చింది. ముందు నాకు తెలియలేదు. నలభై ఐదేళ్ల మనిషి, వేళ్ల కొసలు బీడీ కత్తెరకు కాయలు కాచి ఉన్నాయి. తడిసి ఆరిన పాలిథీన్ కవరులో నుంచి కాగితాలు తీసింది.

"అన్నా, వకీలు సారు గీ రాజీ కాగితం మీద దస్కతు పెట్టమన్నడు. పెడితె కేసు ఖతమైతదంటుండు. చదివిపిచ్చుకోకుంట పెట్టొద్దని మా అమ్మ చెప్పింది. నువ్వు మంచిగ చదివి చెప్తవని బస్టాండుల అన్నరు," అన్నది.

కాగితాలు చూడగానే తెలిసింది. పైన రాజీ, కింద ఎఫ్ఐఆర్, దాని వెనక నా అర్జీ. మూడింట్లోనూ ఉన్నవి నా వాక్యాలే.

"ముందుగాల నా మీద ఏం రాసిండ్రో చదువన్నా. జైల్ల ఎవ్వలు చదివి చెప్పలేదు."

చదివాను. తప్పించుకునే వీలు లేదు, పక్క కుర్చీలో ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. నా వాక్యాల్ని నేనే ఆమెకు వినిపించాను. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, హరికథ వింటున్నట్టు శ్రద్ధగా విన్నది. కొంగు కింద చేయి దగ్గర తన కొంగు వైపు చూసుకుంది. వెనక్కి తిరిగి చూసింది అన్నచోట తల అడ్డంగా ఊపింది. పచ్చ చీర దగ్గర నన్ను ఆపింది.

"నాకు పచ్చ చీర లేదన్నా. ఆనాడు పనోళ్లందరికి పెండ్లోళ్లే చీరెలు పెట్టిండ్రు. ఎర్రయి. పొద్దుగాల్లనే అందరం అవే కట్టుకున్నం. ఫోటోలల్ల గిట్ట ఉంటది."

పెండ్లి ఫోటోలు. ఒక్క ఫోటో చాలు, చూశానన్నవాడు చూడలేదని తేలిపోవడానికి. ఆమె వకీలుకు ఈ ముక్క చెబితే రాజీ అక్కర్లేదు, కేసే నిలబడదు, పైగా తిరగబడుతుంది. కామారెడ్డిలో తొమ్మిదేళ్లు ఇలాంటి ఒక్క ముక్క కోసమే కాగితాల కట్టలు తిరగేసేవాణ్ణి. దొరికితే మా వకీలు కుర్చీలో నుంచి లేచి తిరిగేవాడు. ఆమె ఆ ముక్కను, దాని సంగతి తెలియకుండానే, నా బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు రాజీ అయితుంది గద చెల్లె. గవన్ని తవ్వుకునుడెందుకు?" అన్నాను.

"అది సరే గని," అని రాజీ కాగితాన్ని వేలితో నా వైపు జరిపింది. "నేను తియ్యలేదని ఉన్నదా అన్నా ఇండ్ల? గదొక్కటి చెప్పు. తియ్యలేదని ఉంటె దస్కతు పెడత. లేకుంటె పెట్ట. మల్ల జైలుకు పంపినా మంచిదే. బీడీల సేటు నా పని కార్డు పక్కకు పెట్టిండు, కేసు కాగితం తెచ్చి చూపియ్యమన్నడు. మా అమ్మ కండ్లకు కట్టు ఇప్పినంక ముందుగాల అదే అడిగింది, తియ్యలేదని రాసిచ్చిండ్రా బిడ్డా అని."

పక్క కుర్చీలో ఉన్నాయన కూడా నా వైపు చూశాడు.

"ఉన్నది," అన్నాను.

"యాడ?"

కాగితం మధ్యలో, "ఎట్టి ఆరోపణలు లేవు" అన్నచోట వేలు పెట్టి చూపించాను. ఆమె వంగి ఆ అక్షరాల మీద తన వేలు పెట్టింది. అవి వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో చూస్తున్నట్టు కాసేపు అలాగే ఉంచింది. బీడీ కార్డు కోసం సంతకం ఒక్కటి నేర్చుకుందట, పెన్ను అడిగి తీసుకుని, ఒక్కో అక్షరం ఆగి ఆగి, నాలుక కొస పంటితో పట్టుకుని పెట్టింది. పెట్టి, "గిది రాసినాయన సల్లగుండాలె," అన్నది. లేచి కొంగు సర్దుకుని పోయింది. నేను పక్కాయన వైపు తిరిగి, నీదేందని అడిగాను.

కేసు కొట్టేశారు. ఊళ్లో ఏం జరిగిందో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. రాజీ పడిందట అన్నారు, తియ్యకపోతే రాజీ ఎందుకు పడుతుంది అన్నారు. వాకిట్లో బీడీలు చుట్టే గుంపులో ఆమెకు చోటు లేకుండా జరిగి కూర్చున్నారు. ఎవరింట్లో పేరంటమైనా ఆమెను పిలవడం మానేశారు, పిలిచినవాళ్లు అర్ర తలుపుకు గొళ్లెం పెట్టుకున్నారు. మక్కల వ్యాపారి భార్య ఆ గొలుసే మెడలో వేసుకుని సంతకు వస్తోందట. ఎక్కడ దొరికిందని ఎవరూ అడగలేదు. బీడీలు చుట్టే ఆమె దగ్గరే దొరికిందని అందరూ అనుకున్నారు. బామ్మర్ది సంగతి ఇంకా చిత్రం. గొలుసు మూటలో దొరికిందని వాడికి తెలుసు, అయినా ఇప్పటికీ ఆమె కొంగు కింద చేయి పెట్టుకోవడం చూశానని ప్రమాణం చేస్తాడు. వాడు అబద్ధమాడటం లేదు, వాడికి కనబడుతోంది.

నెల తిరగకముందే ఆమె మళ్లీ వచ్చింది. అంగడి రోజు, షాపు నిండా జనం. లోపలికి రాలేదు, కుర్చీలో కూర్చోలేదు. గడప దగ్గర నిలబడి, అదే పాలిథీన్ కవరు చేతిలో పట్టుకుని ఉంది.

"బీడీల సేటు కార్డు చింపేసిండన్నా," అన్నది. గొంతులో కోపం లేదు. "కాగితం చూపిస్తె, ఇండ్ల నువ్వు తియ్యలేదని ఏడున్నదన్నడు. నువ్వు చూపిచ్చిన కాడ చూపిచ్చిన. అండ్ల లేదన్నడు. కాలేజీల చదివే పిలగాండ్లకు ఇచ్చిన, ఆళ్లు లేదన్నరు. వకీలు సారు కాడికి పోయిన, ఆయన గుడ లేదన్నడు. దస్కతు పెట్టినంక ఇగ అయిపాయె అన్నడు."

షాపులో అందరూ మాటలు ఆపి చూస్తున్నారు. నేను కంప్యూటరు వైపు తిరిగి, ఏదో పని ఉన్నట్టు మీటలు నొక్కుతున్నాను.

"నేను ఇంటికాడ శానా ఆలోచన చేసిన," అన్నది. "నువ్వు కావాల్నని చెయ్యవు. నీకు నాతోని పగ ఏమున్నది? అందుకె అడుగుదామని వచ్చిన. ఏం అనుకోకు. ఎవ్వలకు చెప్ప. అన్నా, నీకు చదువు రాదా?"

ఆరుగురో ఏడుగురో ఉన్నారు షాపులో, అందరూ నాతో అర్జీలు రాయించుకోవడానికి వచ్చినవాళ్లే. ఆమె జవాబు కోసం ఎదురుచూస్తూ, నన్ను జాలిగా చూస్తూ నిలబడింది.

"రాదు," అన్నాను.